ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకి క్యూసీనా, ప్రొడక్షనా?

నల్గొండ_ఆర్గానిక్:
ఈ యేడే ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయిపోయింది. రెండు దిక్కుల సెలెక్టయిన. పాశమైలారంల క్యూసీ (మందు టెస్ట్ జేసే ల్యాబ్), జడ్చర్ల పోలేపల్లి సెజ్‌ల ప్రొడక్షన్. రెండూ బల్క్ డ్రగ్ (గోళీలల్ల వడే అసలు మందు) కంపెనీలే. ప్రొడక్షన్ల నెలకు రెండు వేలు ఎక్కువ. మా నాయిన "చదివింది ఏసీల కూసోనీకి గాని డ్రమ్ములు దొర్లిచ్చనీకి కాదు" అంటడు. సీనియర్లు గూడ క్యూసీకే పొమ్మంటున్నరు. పదేండ్లయినంక ఎవలు ముందటుంటరు? ఇంకో మాట, అమీర్‌పేటల రెగ్యులేటరీ (మందుల అనుమతుల కాయితాల పని) కోర్సుకు అరవై వేలు అడుగుతున్నరు, కట్టాల్నా?

సీ_షిఫ్ట్_క్యూసీ:
క్యూసీ. ఆలోచించకు. ఏడేళ్లుగా నాది ఇదే పని. హెచ్‌పీఎల్‌సీ, జీసీ మిషన్లు (మందులో ఏది ఎంతుందో కొలిచేవి) చేతికి అలవాటైతే బల్క్ డ్రగ్‌లో మొదలుపెట్టి ఫార్ములేషన్‌కి (మాత్రలు, సిరప్‌ల తయారీకి) మారొచ్చు, అక్కణ్ణించి ఏఆర్‌డీకి (టెస్టు పద్ధతులు తయారుచేసే విభాగానికి). నేను అలాగే రెండు కంపెనీలు మారాను. ప్రొడక్షన్‌లో చేరిన నా బ్యాచ్‌మేట్ ఇప్పటికీ సెంట్రిఫ్యూజ్ పక్కన నిలబడి వెట్ కేక్ (వడగట్టిన తడి మందు ముద్ద) తూకం రాసుకుంటున్నాడు. ఇంటికెళ్లినా చొక్కాకి సాల్వెంట్ వాసన.

రియాక్టర్_బాబాయ్:
పరవాడలో పద్దెనిమిదేళ్లుగా ప్రొడక్షన్. ఆ వెట్ కేక్ తూకం రాసేవాడి తరఫున నేను చెప్తాను తమ్ముడూ.

నువ్వు కాలేజీ ల్యాబులో లీటరు ఫ్లాస్కులో చేసిన రియాక్షన్ గుర్తు తెచ్చుకో. వేడెక్కితే ఐస్ బాత్‌లో పెడతావు, పది నిమిషాల్లో దిగుతుంది. అదే 5 కేఎల్ (5,000 లీటర్ల) రియాక్టర్‌లో? సరుకు 5,000 రెట్లు పెరిగితే, చల్లబరిచే గోడ దాదాపు 290 రెట్లే పెరుగుతుంది. రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో బ్రైన్ (చల్లటి ఉప్పునీళ్లు) ఎంత తిప్పినా వేడి అంత తొందరగా బయటికి పోదు. అందుకే ల్యాబులో పావుగంటలో పోసే రీజెంట్‌ని (రియాక్షన్‌కి కలిపే రసాయనాన్ని) ఇక్కడ నాలుగు గంటలు పోస్తాం, టెంపరేచర్ మీదే కన్నేసి, కొద్దికొద్దిగా. రాత్రి రెండింటికి మీటరు ఉన్నట్టుండి రెండు డిగ్రీలు ఎగబాకిన రోజున నీకు కెమిస్ట్రీ కొత్తగా కనిపిస్తుంది. హైదరాబాద్ బల్క్ డ్రగ్ పాతతరంలో చాలామంది బాలానగర్ ఐడీపీఎల్‌లో (కేంద్ర ప్రభుత్వ మందుల కంపెనీ) పని నేర్చుకున్నవాళ్లే. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అంతకుముందు అక్కడ చేసినవారే.

ఇంకోటి, లైసెన్సు సంగతి. డ్రగ్స్ రూల్స్ 1945లో (పాత పేరు డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్) 71వ రూలు చూడు. మందుల తయారీ అర్హత ఉన్న టెక్నికల్ మనిషి పర్యవేక్షణలోనే జరగాలి. కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చేసి, తయారీలో మూడేళ్లు పనిచేస్తే ఆ అర్హత వస్తుంది. బీఫార్మసీ వాళ్లకి పద్దెనిమిది నెలలు చాలు, అది వేరే కడుపుమంట. లైసెన్సు మీద పేరెక్కినవాణ్ణి యాజమాన్యం తేలిగ్గా వదులుకోదు.

సీ_షిఫ్ట్_క్యూసీ:
టెస్టింగ్ హెడ్‌కీ అదే రూలులో చోటుంది బాబాయ్, అది దాటేశారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఏం జరిగిందో మీకు చెప్పాలా? ఫార్మా ప్లాంటు పేలుడులో 17 మంది పోయారు. వాళ్ల నాన్న ఏసీ అంటున్నది చల్లదనం కోసం కాదేమో.

రియాక్టర్_బాబాయ్:
చెప్పక్కర్లేదు. ఆ రోజు మా ఆవిడ నాకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఫోన్ లాకర్లో ఉంది.

అందుకే తమ్ముడికి చెప్తున్నా. జీతం మాట్లాడేముందు షాప్ ఫ్లోర్ చూపించమను. సాల్వెంట్ డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్పు తగిలించి ఉందా, నైట్ షిఫ్టులో సేఫ్టీ మనిషి ఉంటాడా, చూడు. చూపించమంటే నీళ్లు నమిలే కంపెనీ అయితే నేనే క్యూసీకి పొమ్మంటాను.

క్యూఏ_అక్క:
క్యూసీలో గండాలు లేవనుకోకండి, అవి వేరే రకం. నా మొదటి ఉద్యోగంలో (కంపెనీ పేరొద్దు) ఒక బ్యాచ్‌లో ఇంప్యూరిటీ (మలినం) పీక్ లిమిట్ దాటేలా ఉంటే మా టీమ్ లీడర్ "ముందు వేరే ఫోల్డర్లో శాంపిల్‌ని మిషన్లో ఒక ఇంజెక్షన్ వేసి చూడు, బాగుంటేనే అసలుది రన్ చెయ్" అన్నాడు. ఆడిట్ ట్రెయిల్‌లో (ఎవరేం చేశారో కంప్యూటర్ దాచే రికార్డులో) పడేది నా లాగిన్, ఆయనది కాదు. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పార్ట్ 11 రూలు 1997 నుంచీ ఉంది, ఆడిటర్లు ఆ కంప్యూటర్ తెరిపించకుండా వెళ్లరు. నేను వెయ్యనన్నాను. ఆ ఏడాది ఇంక్రిమెంటు గుండుసున్నా.

అయినా అమ్మాయిలు అడిగితే క్యూసీ అనే చెప్తాను. చాలా ప్లాంట్లలో ప్రొడక్షన్ బ్లాకుల్లోకి మమ్మల్ని తీసుకోరు, బాబాయ్ చెప్పే నిచ్చెనకి మా వైపు మొదటి మెట్టే లేదు.

కోర్సుకి మాత్రం రూపాయి కట్టకు. డీఎంఎఫ్ (మందు తయారీ వివరాలతో నియంత్రణ సంస్థకి ఇచ్చే ఫైలు) రాయాలంటే బ్యాచ్ రికార్డు చదివి, ఏ స్టేజీలో ఏ ఇంప్యూరిటీ ఎందుకొస్తుందో చెప్పగలగాలి. రెండేళ్లు ప్లాంటులో చేసి లోపల్నుంచే రెగ్యులేటరీకి మారడం నయం. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు మీదా ఆశ పెట్టుకోకు. బాబాయ్ చెప్పిన ఆ రూల్స్‌లోనే 49వ రూలు ప్రకారం దానికి కెమిస్ట్రీ డిగ్రీ చెల్లదు.

సీ_షిఫ్ట్_క్యూసీ:
అక్క చెప్పింది నిజమే, ఆ ఒత్తిడి ఉంటుంది. కానీ శాంపిల్ పట్టుకొచ్చి కిటికీ దగ్గర "అర్జెంట్ సార్, రియాక్షన్ హోల్డ్‌లో ఉంది" అని బతిమాలేది ఎవరో కూడా తమ్ముడికి తెలియాలి.

రియాక్టర్_బాబాయ్:
బతిమాలుతాం. రియాక్షన్‌లో మిగిలిన ముడిసరుకుకి లిమిట్ 0.5 శాతం అయితే మీరు 0.6 అని రాసి చేతిలో పెడతారు. ఇంకో గంట మెయింటైన్ చెయ్యాలా, డీవియేషన్ (పద్ధతి తప్పామన్న రికార్డు) రాసి రీజెంట్ వెయ్యాలా అన్నది ఆ తర్వాత మొదలవుతుంది.

నల్గొండ_ఆర్గానిక్:
కోర్సు బంద్. శనివారం జడ్చర్ల పోయి చూసొస్త, ఫోన్ చేసి అడిగితే చూపిస్తమన్నరు. నాయిన గూడ గేటు దాక వస్తడట. గా ఫోన్లనే సేఫ్టీ షూ సైజు అడిగిన్రు, ఎనిమిది చెప్పిన.

రియాక్టర్_బాబాయ్:
చేరితే తొమ్మిది తీసుకో. నైట్ షిఫ్టు సగమయ్యేసరికి కాళ్లు పొంగుతాయి.