అప్‌డేట్: ప్రాసెసర్ వేడెక్కే సమస్య తీరింది

మదర్‌బోర్డు, ప్రాసెసర్ మార్చిన తరువాత వీడియో రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చడం) మొదలుపెట్టగానే ప్రాసెసర్ ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరి, వేగం పడిపోతోందని అడిగాను. ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చమని చాలామంది సూచించారు గానీ, అసలు లోపం కూలర్ బిగింపులో ఉంది. విప్పి చూస్తే, పేస్ట్ ఒక అంచున పలుచగా పరుచుకుని, ఎదుటి అంచున పూసిన ముద్ద పూసినట్టే ఉంది. ప్రాసెసర్‌ను అమర్చే సాకెట్లలో పాతదైన ఎల్‌జీఏ 1200లో కూలర్ స్క్రూ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లయితే, కొత్తదైన ఎల్‌జీఏ 1700లో అది 78. పైగా కొత్త సాకెట్‌లో ప్రాసెసర్ కాస్త కిందికి కూర్చుంటుంది కనుక, రెండింటికీ సరిపోతుందని చెప్పి అమ్మిన బ్రాకెట్ (కూలర్‌ను బోర్డుకు పట్టి ఉంచే చట్రం) కూలర్‌ను సమంగా నొక్కలేకపోయింది.

కొత్త సాకెట్ కోసమే తయారైన బ్రాకెట్ తెప్పించి, స్క్రూలను ఎదురెదురు మూలల వరుసలో కొద్దికొద్దిగా బిగించాను. అదే రెండరింగ్‌లో ఇప్పుడు ఉష్ణోగ్రత 85 దాటడం లేదు. బయాస్‌లో, అంటే కంప్యూటర్ ప్రాథమిక సెట్టింగుల్లో, మదర్‌బోర్డు ప్రాసెసర్ విద్యుత్ పరిమితిని దాదాపు ఎత్తివేసి ఉంచుతుందని కొందరన్న మాటా నిజమే. దాన్ని ప్రాసెసర్‌కు నిర్దేశించిన విలువకు తెచ్చాక వేడి ఇంకా తగ్గింది, రెండరింగ్‌కు పట్టే సమయం మాత్రం చెప్పుకోదగినంత పెరగలేదు. పేస్ట్ అచ్చును ఫొటో తీసి చూడమన్నవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.