‘కొలంబో’లో హంతకుడు మొదట్లోనే తెలిసిపోతున్నాడు, ముందు భాగం ఏదైనా వదిలేశామా?

ప్రశ్న:
నమస్తే అండీ. అమ్మకి డిటెక్టివ్ కథలంటే ప్రాణం. అందుకని పాత అమెరికన్ సీరియల్ ‘కొలంబో’ మొదలుపెట్టాం. నిన్న ‘మర్డర్ బై ద బుక్’ చూశాం. పోలీసాయన తెర మీదికి రాకముందే ఎవరు చంపారో, ఎలా చంపారో అంతా చూపించేశారు. ముందు ఎపిసోడ్ ఏదైనా ఉందా? ఒక లిస్టులో ఇది మొదటిదని, ఇంకో లిస్టులో మూడోదని ఉంది. ఇంకో సందేహం. భర్త ఊరవతల నుంచి ఫోన్ చేసి ఆఫీసులో ఉన్నానంటే భార్య నమ్మేసింది. నంబరు కనిపించదా? చివర్లో హంతకుడు అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో కూడా మాకు అంతుపట్టలేదు.

జవాబు:
మీరేమీ వదల్లేదండీ. ఆ సీరియల్ పద్ధతే అది. చంపింది ఎవరన్నది మనకి ముందే తెలుసు, లెఫ్టినెంట్ కొలంబోకి తెలియదు. ఆయన ఎక్కడ పట్టుకుంటాడన్నదే మన టెన్షన్. లిస్టుల తేడాకి కారణం ఇదీ: 1968లో ఒకటి, 1971 మార్చిలో ఇంకొకటి విడి టీవీ సినిమాలుగా వచ్చాయి. వాటిని కలిపితే మీరు చూసింది మూడోది. వరుసగా రావడం మొదలైంది మాత్రం 1971 సెప్టెంబరు 15న, ఈ ఎపిసోడ్‌తోనే. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, అప్పటికి ఆయనకి 24 ఏళ్లు. మొదటి సీన్‌లో టైప్‌రైటర్ టకటకలు తప్ప ఇంకేమీ వినబడకుండా, హంతకుడి కారు వస్తూ ఉండటం గమనించారా? నేను ఆ ఒక్క సీన్ కోసమే మళ్లీ మళ్లీ పెట్టుకుంటాను.

ఇంకొకరు:
ఫోన్ సంగతి నేను చెప్తానమ్మా. అప్పట్లో ఇళ్లలోని ఫోన్లకి అవతలి నంబరు చూపించే ఏర్పాటు లేదు. మన దగ్గర ఆ రోజుల్లో చాలా ఊళ్లకి ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్లం. ఆపరేటరు మధ్యలో ఉంటే ఏ ఊరి నుంచో ఇట్టే తెలిసిపోయేది. అమెరికాలో అప్పటికే దూరపు ఊళ్లకి కూడా నేరుగా నంబరు తిప్పే సౌకర్యం ఉంది. కాబట్టి శాన్ డియాగో దగ్గరి ఇంట్లో నుంచి మాట్లాడుతున్నా, లాస్ ఏంజెలిస్‌లో ఉన్న భార్యకి అది ఆఫీసు ఫోనే అనిపిస్తుంది. మాట మధ్యలో తుపాకీ పేలింది వినగానే ఆవిడ పోలీసులని పంపింది ఆఫీసుకే.

ఇంకొకరు:
ముగింపు గురించి. ఎపిసోడ్ చూడనివాళ్లు ఇది చదవకండి. హంతకుడు కెన్, చనిపోయిన భర్త జిమ్. ఇద్దరి పేర్లతో నవలలు వస్తాయి కానీ రాసేదంతా జిమ్. కెన్ ఇంటర్వ్యూలకి, పార్టీలకి ముఖం చూపించే మనిషి. చివర్లో కొలంబో జిమ్ కాగితాల్లో దొరికిన చీటీ చదువుతాడు. మనం చూసిన హత్య అచ్చంగా అందులో ఉంది. అప్పుడు కెన్ బాధపడింది దొరికిపోయినందుకు కాదు. జీవితంలో తనకి తట్టిన ఒకే ఒక్క మంచి ఐడియా అది, ఎప్పుడో జిమ్‌కి చెప్తే అతను రాసి పెట్టుకున్నాడు. తనది అని చెప్పుకోకుండా ఉండలేకపోయాడు.

మొదట జవాబిచ్చినవారు:
నిజమే, కానీ చీటీ ఒక్కటే కోర్టులో నిలబడదని నా అభిప్రాయం. నాకు అంతకంటే బలంగా అనిపించింది ఉత్తరాల సంగతి. తన ఇంటి ముందు గడ్డిలో స్నేహితుడి శవం కనిపించిందని పోలీసులకి ఫోన్ చేసిన మనిషి, వాళ్లొచ్చేలోపు వచ్చిన ఉత్తరాలు విప్పి చూసుకున్నాడు. కొలంబోకి అనుమానం నాటుకుంది అలాంటి చిన్న విషయాల మీదే. అమ్మగారికి ఆ చోటు మళ్లీ చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ఈరోజు మళ్లీ చూశాం. ఉత్తరాల దగ్గర అమ్మ ఆపించి రెండుసార్లు చూసింది. ఆమెకి ఇంకా నచ్చింది, భర్త పోయిన ఆ ఇల్లాలికి కొలంబో ఆమ్లెట్ వేసి పెట్టడం. తర్వాత ఏది చూడమంటారు?

మొదట జవాబిచ్చినవారు:
రెండో సీజన్‌లో మొదటిది, ‘ఎటూడ్ ఇన్ బ్లాక్’. హంతకుడు సంగీత బృందాన్ని నడిపించే కండక్టరు. అతని కోటుకి పెట్టుకున్న పువ్వు మీద ఓ కన్నేసి ఉంచండి. కొలంబో వెంట ఉండే కుక్క మొదటిసారి కనిపించేది కూడా అందులోనే.