అప్‌డేట్: బోసిపోయిన మనీప్లాంట్ మళ్లీ గుబురైంది

మా బెంగళూరు ఫ్లాటులో మనీప్లాంట్ తీగలు ఆరడుగులు సాగి, కుండీ దగ్గర మాత్రం ఆకు లేకుండా బోసిపోయాయని జూన్‌లో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది కత్తెరే. మనసు ఒప్పకపోయినా, నాలుగు తీగలను కుండీ అంచుకు జానెడు దూరంలో, కణుపుకు కాస్త పైన కత్తిరించాను. కొన పోతే కింది కణుపుల్లోని మొగ్గలు మేల్కొంటాయన్న మాట నిజమే: మూడు వారాలకు చుట్టచుట్టుకున్న లేతాకు పొడుచుకొచ్చింది. తీసిన ముక్కలను కణుపు మునిగేలా నీళ్ల సీసాలో ఉంచి, వేళ్లు రెండంగుళాలయ్యాక అదే కుండీలో నాటాను. అసలు గుబురంతా వీటివల్లే.

ఎరువు, పెద్ద కుండీ అవసరమే పడలేదు. వెలుతురు చాలకే కణుపులు ఎడమయ్యాయని నర్సరీ ఆయన అన్నారు. కుండీని తూర్పు కిటికీ దగ్గరకు మార్చాను. పాలనీళ్లు పోయమన్న సలహా మాత్రం చీమలకే నచ్చింది.