ఉప్పు కప్పురంబు "నొక్క": ఆ న ఎక్కడిది, "రుచుల" అంటే ఏమిటి?

వేళచ్చేరి నుంచి: మా తమ్ముడి గేమింగ్ కంప్యూటర్‌కి రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో ఎస్‌ఎంపీఎస్, అదే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, చూస్తున్నాం. రెండు డబ్బాల మీదా 650 వాట్లే, రెండూ ఒకేలా నల్లగా ఉన్నాయి, ఒకదాని ధర మాత్రం రెండోదానికి రెట్టింపు. అప్పట్నుంచీ "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" అన్న వేమన పద్యం నోట్లో తిరుగుతోంది కానీ రెండో పాదం పట్టుబడట్లేదు. "చూడ చూడ రుచుల తీరు వేరు" అనా, "జాడ వేరు" అనా? ఏది కొనాలో చెప్పినా సంతోషమే.

మైలాపూర్ నుంచి: జాడే. తీరు అంటే యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం, పోతుంది. చూ, జా హల్లులు కలిసినా అచ్చులు కలవవు, అందుకే అక్కడ రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి పడింది: చూడ, జాడ. అసలు బాధ మొదటి పాదం గురించి. "కప్పురంబు ఒక్క" అని సంధి చేయకుండా విసంధిగా రాసేస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. "నొక్క" అనే ఉండాలి.

తాంబరం నుంచి: మాస్టారూ, ఉ కీ నొ కీ యతి ఎలా కుదిరింది?

మైలాపూర్ నుంచి: ఆ న ద్రుతం, ముందు పదం చివరి నకారం. దాని వెనక ఉన్న ఒ నే యతికి తీసుకోవాలి. ఉ, ఒ సరిపోయాయి.

తాంబరం నుంచి: ప్రథమా విభక్తిలో ద్రుతం ఎక్కడిదండీ?

మైలాపూర్ నుంచి: సముచ్చయం, రెంటినీ కలిపి చెప్పే "ను". ఉప్పును, కప్పురంబును.

ట్రిప్లికేన్ నుంచి: న సంగతి అలా ఉంచండి, నాకు "రుచుల" దగ్గర ఎప్పటినుంచో ఒక పట్టుదల ఉంది. సంస్కృతంలో రుచికి కాంతి అనే అర్థం ఉంది కదా. కర్పూరం వెలిగిస్తే పూర్తిగా వెలిగిపోతుంది, ఉప్పు నిప్పులో పడితే చిటపటమంటుంది. చూడ చూడ అంటే పరీక్ష పెట్టి చూడగా అని నా నమ్మకం. ఎస్‌ఎంపీఎస్‌కి కూడా అదే పరీక్ష, లోడు పెడితేనే తెలుస్తుంది. 80 ప్లస్ గోల్డ్ ముద్ర గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత లోపలికి చేరుతుందో మాత్రమే చెబుతుంది, 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర 90 శాతం. రిపుల్, అంటే బయటికొచ్చే వోల్టేజిలో ఒడిదుడుకులు, ఎంతో, షార్ట్ అయితే తనంతట తాను ఆగుతుందో లేదో ఆ ముద్రలో ఉండదు. స్టిక్కరు మీద 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చూడండి. 54 ఉంటే, 12తో గుణిస్తే 648 వాట్లు, అది నిజమైన 650. నలభై చిల్లరే ఉంటే మిగతావి 3.3, 5 వోల్టుల లైన్లవి కలిపి చూపించారని అర్థం, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా లాగేది 12 నుంచే.

అడయార్ నుంచి: కాంతి అన్న మాట నేను ఒప్పుకోను అన్నా. "రుచి చూడు" అని ఇంట్లో రోజూ అంటాం, ఆ చూడు కోసం నిప్పుదాకా వెళ్లాలా? పెరుమాళ్ కోవెల తీర్థంలో పచ్చకర్పూరం నాలుకకే తగులుతుంది. తమ్ముడి కార్డు ఏదో ముందు చెప్పండి. ఆర్‌టీఎక్స్ 4070 అయితే కార్డు 200 వాట్లు, ఎన్‌విడియా సూచించేది 650. మంచి 650 ఉండగా నాసిరకం 850 ఎందుకు? వేమనే చెప్పాడుగా, గంగిగోవు పాలు గంటెడైనను చాలు.

మైలాపూర్ నుంచి: గరిటెడైనను.

అడయార్ నుంచి: మా తాతగారు గంటెడనే చెప్పేవారు. గణాలు చూసుకోండి, గంటెడై అంటే రగణం, గరిటెడై అంటే నగం, రెండూ ఆ చోట పడాల్సిన ఇంద్రగణాలే. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు.

వేళచ్చేరి నుంచి: కార్డు 4070 యే అండీ. ఖరీదైనదాని మీద ఏటీఎక్స్ 3.0 ప్రమాణం అని కూడా ఉంది, అది అవసరమా?

ట్రిప్లికేన్ నుంచి: ఉంటే మంచిది. ఆట మధ్యలో కార్డు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. 2022 నాటి ఆ ప్రమాణంలో, కార్డుకు కొత్త 16 పిన్నుల కనెక్టరు ఉన్న పెద్ద సప్లైలు 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు లోడును తట్టుకోవాలని ఉంది. 12 వోల్టుల గడి మాత్రం చూడకుండా డబ్బు ఇవ్వకండి.

తాంబరం నుంచి: బ్రౌన్ దొర 1829లోనే వేమన పద్యాలు అచ్చు వేయించాడు, ఆయన సేకరించిన ప్రతులు మన ఊళ్లోనే ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. చెన్నైలో ఉండి తాళపత్రం చూడకుండా గంటె, గరిటె అని వాదించుకోవడమేమిటి? శనివారం ఎవరొస్తారు?

మైలాపూర్ నుంచి: నేను వస్తాను. ఏ ప్రతిలో ఏమున్నా అది సముచ్చయమే.