హాఫ్‌మన్ ఓడిపోయాడా, ఓడగొట్టారా? (న్యూయార్క్ 23, 2009 ఉప ఎన్నిక)

మెట్టపొలం:
పాత పంచాయితీ ఒకటి బయటికి తీస్తున్నా. అమెరికా కాంగ్రెస్ ఎన్నిక గురించి. (కాంగ్రెస్ అంటే అక్కడి చట్టసభ, మన చెయ్యి గుర్తు కాదు, ముందే చెప్పేస్తున్నా.) 2009లో న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరం కొసన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న 23వ నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చింది. అక్కడి రిపబ్లికన్ సభ్యుడు జాన్ మెక్‌హ్యూని ఒబామా ఆర్మీ సెక్రటరీగా తీసుకోవడంతో సీటు ఖాళీ అయింది. డెయిరీ ఫారాలు, అడవులు, చిన్న చిన్న ఊళ్లు, రిపబ్లికన్లకి కంచుకోట. పదకొండు కౌంటీల పార్టీ అధ్యక్షులు కూర్చుని డీడీ స్కోజఫావా అనే రాష్ట్ర అసెంబ్లీ సభ్యురాలికి టికెట్ ఇచ్చేశారు. ఆవిడేమో అబార్షన్ హక్కుకి, స్వలింగ వివాహాలకి అనుకూలం. దాంతో ఒళ్లుమండి డగ్ హాఫ్‌మన్ అనే అకౌంటెంట్ కన్సర్వేటివ్ పార్టీ అనే చిన్న సంప్రదాయవాద పార్టీ తరఫున బరిలోకి దిగాడు. సారా పేలిన్ (2008లో రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి) లాంటి వాళ్లు సొంత పార్టీ అభ్యర్థిని పక్కనపెట్టి ఇతని వెనక నిలబడ్డారు. పోలింగ్ ఇంకో మూడు రోజులుందనగా స్కోజఫావా ప్రచారం ఆపేసింది, మర్నాడు డెమోక్రాట్ బిల్ ఓవెన్స్‌కి ఓటెయ్యమంది! నవంబర్ 3న ఓవెన్స్‌కి 48 శాతం చిల్లర, హాఫ్‌మన్‌కి 46.

నేననేది, ఆయన ఓడిపోలేదు, పార్టీ పెద్దలే ఓడగొట్టారు. కాదంటే చెప్పండి.

లెక్కలమాస్టారు:
కాదంటాను. తేడా సుమారు 3,500 ఓట్లు. బ్యాలెట్ మీద స్కోజఫావా పేరు అలాగే ఉండిపోయింది కాబట్టి తప్పుకున్నాక కూడా ఆవిడకి 8,000 పైచిలుకు పడ్డాయి. మీవాళ్లంతా ఆ 8,000 చూపించి "అవి మావే" అంటారు. ఎలా అవుతాయండీ? ఆవిడ నచ్చి వేసినవాళ్లు, ఆవిడ చెప్పినట్టే ఓవెన్స్ వైపు వెళ్లరని ఏముంది? ఇంకోటి, కంచుకోట అన్నారు. టీవీల్లో కూడా సివిల్ వార్ నాటి నుంచి అక్కడ డెమోక్రాట్ గెలవలేదని ఊదరగొట్టారు. ఆ నియోజకవర్గం సరిహద్దులు మధ్యలో ఎన్నిసార్లు మారాయో ఎవరూ చూడరు. అంతకుముందు ఏడాదే, అంటే 2008లో, అధ్యక్ష ఎన్నికల్లో అక్కడ ఒబామాకి మెజారిటీ వచ్చింది. కోటకి అప్పటికే బీటలున్నాయి.

పాట్స్‌డామ్‌చలి:
ఆ టైమ్‌లో నేను అక్కడే ఉన్నా, పాట్స్‌డామ్‌లో క్లార్క్‌సన్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తూ. ఓటు లేదనుకోండి, కానీ ఆ అక్టోబర్ అంతా టీవీ పెడితే చాలు అరిచే ప్రకటనలే. ఒక్కటి గమనించా. ఊళ్లో మాటలు వేరు, టీవీలో మాటలు వేరు. మా ఇంటి ఓనరు పెద్దాయన అంతకుముందు ఆవుల్ని మేపేవాడు. ఆ ఏడాది పాల ధర ఎంతలా పడిపోయిందంటే దాణా ఖర్చు కూడా రావట్లేదని తమ్ముడు మంద అమ్మేస్తున్నాడని చెప్పేవాడు. పక్కా రిపబ్లికన్, హాఫ్‌మన్ బోర్డు గడ్డిలో పాతాడు కూడా. అయినా "ఈయన పాల గురించి ఏమన్నా చెప్పాడా?" అని నన్నడిగేవాడు, నాకేం తెలుసని!

అసలు దెబ్బ వాటర్‌టౌన్‌లో పడింది. అక్కడి పేపర్ వాళ్లు ఎడిటోరియల్ బోర్డు ముందు కూర్చోబెట్టి ప్రాంతం సంగతులు అడిగారు. సెయింట్ లారెన్స్ సీవేలో చలికాలం ఓడలు తిప్పడం, వాటర్‌టౌన్ నుంచి ప్లాట్స్‌బర్గ్‌కి వెయ్యాలని ఏళ్లుగా నలుగుతున్న హైవే, ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరం లాంటివి. ఆయన దగ్గర సరైన జవాబుల్లేవు. పక్కనే ఉన్న డిక్ ఆర్మీ (టెక్సస్ పెద్దమనిషి, ఒకప్పటి సభా నాయకుడు) ఇవన్నీ ఆ ఊరి వరకే పనికొచ్చే సంగతులన్నట్టు తీసిపారేశాడు. అరే, ఆ ఊరి సీటుకే కదా పోటీ! ఫోర్ట్ డ్రమ్ అంటే వాటర్‌టౌన్‌కి అన్నం గిన్నె. మన దగ్గర ఎవరైనా గోదావరి జిల్లాకి వచ్చి కాలువ నీళ్ల సంగతి చిల్లర విషయం అంటే ఊరుకుంటారా?

మెట్టపొలం:
వాటర్‌టౌన్ సంగతి ఒప్పుకుంటా, అది ఘోరం. కానీ ఆయన్ని బయటివాడిగా చూపించడం అన్యాయం. సారనాక్ లేక్‌లో పేదరికంలో పెరిగినవాడు. 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్ నిర్వాహక కమిటీలో లెక్కలు చూసినవాడు. ఇల్లు నియోజకవర్గం గీత అవతల ఉందని గోల చేశారు, గీత గీసింది ఆయనా? రాజ్యాంగం ప్రకారం ఆ రాష్ట్రంలో ఉంటే చాలు. మాటకారి కాదు, నిజమే. కెమెరా ముందు బిక్కచచ్చిపోయేవాడు. అలాంటి మనిషి పార్టీ యంత్రాంగం లేకుండా ఐదు ఓట్లలో రెండుకి పైగా తెచ్చుకున్నాడంటే జనంలో ఎంత కోపం ఉందో చూడండి. బయటి డబ్బు అంటారా, వాషింగ్టన్ నుంచి రిపబ్లికన్ కమిటీ వాళ్లు స్కోజఫావా కోసం లక్షల డాలర్లు కుమ్మరించలేదా? చివరికి ఆవిడే వెళ్లి ఎదుటివాడికి ఓటెయ్యమంది. ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరు.

కొత్తచిగురు:
అన్నా, ఒక డౌటు. టికెట్ రాకపోతే వేరే పార్టీ బీ ఫారం తెచ్చుకోవడం మనకి మామూలే కదా, అక్కడ అంత వింతేంటి? మనకీ అదే 2009లో ప్రజారాజ్యం ఓట్లు చీల్చిందని ఇప్పటికీ కొట్టుకుంటారు.

లెక్కలమాస్టారు:
తమ్ముడూ, ప్రజారాజ్యాన్ని ఇక్కడికి లాగితే ఈ చర్చ తెల్లారినా తేలదు. తేడా మాత్రం చెప్తా. న్యూయార్క్‌లో ఒకే అభ్యర్థి రెండు మూడు పార్టీల వరసల్లో బ్యాలెట్ మీద ఉండొచ్చు, అన్ని వరసల్లో పడినవీ కలిపి లెక్కేస్తారు. అందుకని అక్కడి కన్సర్వేటివ్ పార్టీ మామూలుగా రిపబ్లికన్‌కే తన వరస కూడా ఇస్తుంది. "మాకు నచ్చినవాణ్ని పెట్టకపోతే వరస ఇవ్వం" అనే బెదిరింపే దాని బలం. 2009లో ఆ బెదిరింపుని నిజం చేసి చూపించారు, అంతే. ఇక ఉప ఎన్నికకి ప్రైమరీ (టికెట్ ఎవరికో పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నిక) లేదు. కౌంటీ పెద్దలు ఇచ్చిందే బీ ఫారం. ఈ ఒక్క విషయంలో మెట్టపొలం గారితో నాకు పేచీ లేదు, ప్రైమరీ ఉంటే స్కోజఫావా గట్టెక్కేది కాదేమో.

పాట్స్‌డామ్‌చలి:
ఆ "ప్రైమరీ ఉంటే" అన్నది మరుసటి ఏడాదే తేలిపోయింది మాస్టారూ! 2010లో ప్రైమరీ పెట్టారు. హాఫ్‌మన్ మళ్లీ వచ్చాడు, ఈసారి పెద్దల కుట్ర ఏమీ లేదు, రిపబ్లికన్ ఓటర్లే మ్యాట్ డొహెనీని ఎంచుకున్నారు. సరే అని ఇంటికెళ్లాడా? లేదు, కన్సర్వేటివ్ వరసలో ఉండిపోయాడు. అక్టోబర్‌లో బుద్ధొచ్చి తప్పుకునేసరికి పేరు తీసే టైమ్ దాటిపోయింది. డొహెనీ మీద ఓవెన్స్ గెలిచింది దాదాపు 2,000 ఓట్లతో. హాఫ్‌మన్ పేరు మీద పడినవి 10,000కి పైనే. దేశమంతా రిపబ్లికన్ గాలి వీచి సభలో 63 సీట్లు అదనంగా వచ్చిన ఏడాది, ఆ సీటు మాత్రం రాలేదు. 2009లో స్కోజఫావా చేసిందని మీరు తిట్టే పనే 2010లో ఈయన చేశాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవర్ని ఓడగొట్టారు?

మెట్టపొలం:
2010 గురించి నా దగ్గర జవాబు లేదు. 2009లో కూడా ఫలితం వచ్చిన రాత్రి ఓటమి ఒప్పుకుని, తర్వాత లెక్కింపు మీద అనుమానాలంటూ ఆ మాట వెనక్కి తీసుకుని, మళ్లీ ఒప్పుకున్నాడు. అది నాకూ నచ్చలేదు.

కానీ ఒకటి మర్చిపోతున్నారు. ఆ పోటీ లేకపోతే పార్టీకి భయం పుట్టేదా? 2010లో యూటాలో సిట్టింగ్ సెనేటర్ బాబ్ బెనెట్‌కి పార్టీ సదస్సులోనే చెయ్యిచ్చారు, ఆ సీటు చివరికి మైక్ లీకి దక్కింది. కెంటకీలో ర్యాండ్ పాల్ పెద్దలు నిలబెట్టిన మనిషిని ప్రైమరీలో ఓడించాడు. వేరే పార్టీ గుర్తు మీద కాకుండా ప్రైమరీలోనే తేల్చుకోవాలి అన్న తెలివి హాఫ్‌మన్ దెబ్బ చూశాకే వచ్చిందని నేననుకుంటా. అదే సమయంలో ఓవెన్స్‌ని గెలిపించి పంపిన ఫలితం కూడా చూడండి, ప్రమాణం చేసిన మర్నాడే, నవంబర్ 7న, ఆరోగ్య బీమా బిల్లుకి ఓటేశాడు. 220-215తో గట్టెక్కింది.

లెక్కలమాస్టారు:
ఓవెన్స్ బదులు హాఫ్‌మన్ కూర్చుని ఉంటే 219-216. అప్పటికీ పాసే. యూటా వాళ్లకి హాఫ్‌మన్ పాఠం చెప్పాడన్నది మీ ఊహ, బెనెట్ మీద కోపానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఓవెన్స్ గెలుపు కూడా ఊరికే రాలేదు. ఒకప్పుడు ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోని మనిషి, ప్లాట్స్‌బర్గ్‌లో మూతపడ్డ వైమానిక స్థావరం స్థలంలో మళ్లీ ఉద్యోగాలు తెచ్చే పనిలో తిరిగిన లాయరు. సంప్రదాయవాది కాబట్టి హాఫ్‌మన్‌ని జనం తిప్పికొట్టారని డెమోక్రాట్లు చెప్పుకున్నదీ తప్పే, ఆ ప్రాంతమే 2016లో ట్రంప్‌కి భారీగా వేసింది. 2014 నుంచి అక్కడ రిపబ్లికన్ ఎలీస్ స్టెఫానిక్ వరసగా గెలుస్తూ వచ్చింది. వాళ్లకి కావలసింది కుడి ఎడమల కంటే తమ సంగతి తెలిసిన మనిషి అని నా అనుమానం.

కొత్తచిగురు:
స్టెఫానిక్ మాత్రం వాషింగ్టన్‌లో పనిచేసి వచ్చినావిడే కదా మాస్టారూ, ఆవిడకేం తెలుసు పాల సంగతి?

లెక్కలమాస్టారు:
ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. బాగా అడిగావు.

మెట్టపొలం:
దొరికారు! స్టెఫానిక్ మీద వేరే చర్చ తెరుస్తున్నా రేపు. అంకెలు మాత్రం ముందే మాస్టారికి చూపించి పెడతా.