బరంపురం లోక్‌సభకి ఆంధ్రా నుంచి వచ్చినాయన ఇండిపెండెంటుగా: నిలబడొచ్చు సరే, నిలబడాలా?

రుషికుల్య:
ఇచ్ఛాపురం వైపు నుంచి పదేళ్ల కిందట వచ్చి ఒడిశాలోని బరంపురంలో వ్యాపారం పెట్టుకున్న ఒకాయన, 2029లో బరంపురం లోక్‌సభ సీటుకి ఇండిపెండెంటుగా దిగుతానంటున్నాడు. పేరు ఇక్కడొద్దు, తెలిసినవాళ్లకి తెలుసు. "ఆంధ్రావాడికి ఇక్కడేం పని" అనేవాళ్లు కొందరు, "మనోడే కదా" అనేవాళ్లు కొందరు. చట్టప్రకారం కుదురుతుందా? కుదిరితే ఇక్కడి మన తెలుగువాళ్లకి మేలా, చెడా?

ఫారం26:
నిలబడొచ్చు. భారత పౌరుడై, 25 ఏళ్లు నిండి, దేశంలో ఏదో ఒక పార్లమెంటు నియోజకవర్గంలో ఓటరైతే చాలు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 4వ సెక్షన్ చూడండి. ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలన్న షరతు అసెంబ్లీకి ఉంది, లోక్‌సభకి లేదు. పార్వతీపురం మన్యం జిల్లా గిరిజనుడు కోరాపుట్ లోక్‌సభ ఎస్టీ సీటుకి నిలబడొచ్చు. దాని కిందే ఉన్న రాయగడ అసెంబ్లీకి మాత్రం నిలబడలేడు. బరంపురం జనరల్ సీటు, ఆ గొడవే లేదు.

చిక్కంతా కాగితాల దగ్గర. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ప్రతిపాదకుడు ఒక్కడు చాలు, ఇండిపెండెంటుకి పదిమంది కావాలి. ఆ పదిమందీ ఈ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. ఛత్రపురం, గోపాల్‌పూర్, బరంపురం, దిగపహండి, చికిటి, మోహన, పర్లాకిమిడి, ఈ ఏడు సెగ్మెంట్లలో ఎక్కడివాళ్లైనా పర్లేదు. ఇచ్ఛాపురం బంధువులు పనికిరారు. వాళ్ల పార్ట్ నంబరు, వరస నంబరు ఓటరు జాబితాలో ఎలా ఉన్నాయో నామినేషన్ పత్రం 2ఎ ఫారంలో అలాగే పడాలి. ఎవరైనా వేలిముద్ర వేసేవాళ్లుంటే ఇంట్లో వేయించి తెస్తే చెల్లదు, రిటర్నింగ్ అధికారి ఎదుటో ఎన్నికల సంఘం పేర్కొన్న అధికారి ఎదుటో వేయాలి. నామినేషన్ నాలుగు సెట్ల దాకా వేయనిస్తారు గనక తెలిసినవాళ్లు సెట్టుకో పదిమందిని మారుస్తారు. ఒక సెట్టులో ఒక సంతకం తేలిపోయినా ఇంకోటి నిలబడుతుంది. డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకి 12,500, ఎన్ని సెట్లేసినా ఒక్కసారే. చెక్కు తీసుకోరు.

అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు. "లేదు" అనో "వర్తించదు" అనో రాయాల్సిందే. ఖాళీలు పూరించమని చెప్పినా పూరించకపోతే తిరస్కరించొచ్చని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. చాలామంది బోల్తాపడేది ప్రమాణం దగ్గర. నామినేషన్ వేశాక చేయాలి, పరిశీలన తేదీకి ముందే అయిపోవాలి. పరిశీలన రోజు పొద్దున్నే పరిగెత్తుకొచ్చి చేస్తానంటే కుదరదు.

బజారువీధి:
ఇవన్నీ సరే. ఆయనకి ఇచ్ఛాపురంలో ఓటుంది, ఇక్కడా ఉంది. రెండు ఓట్లున్నవాడు ఎంపీ ఎలా అవుతాడు? ముందు దానికి జవాబు చెప్పండి.

చికిటి చిన్నోడు:
ఆంధ్రా, ఒడిశా సరిహద్దు గొడవున్న కొటియాలో ఊళ్లకి ఊళ్లే రెండు రాష్ట్రాల కార్డులు పెట్టుకున్నాయి, ఈయనొక్కడే దొరికాడా 😀

మహేంద్రతనయ:
బయటివాడు అనే మాటే నాకు నవ్వొస్తుంది. పి.వి.నరసింహారావు 1996లో ఎక్కడ గెలిచాడు? ఈ బరంపురంలోనే. నంద్యాలలోనూ గెలిచి, దాన్ని వదులుకుని దీన్ని ఉంచుకున్నాడు. అంతకుముందు మహారాష్ట్ర రాంటెక్‌లో 1984లో ఒకసారి, 1989లో ఒకసారి. అప్పుడు ఎవరికీ రాని నొప్పి ఇప్పుడెందుకు? ఇక ఇండిపెండెంటు సంగతి. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి 1969లో ఇండిపెండెంటుగానే రాష్ట్రపతి అయ్యాడు.

పర్లాకిమిడి పాతకాపు:
గిరిగారి వెనక ఇందిరాగాంధీ ఉంది నాయనా. పి.వి. వెనక కాంగ్రెస్ ఉంది. ఈయన వెనక ఎవరున్నారు?

ఫారం26:
బజారువీధి గారూ, ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదు, 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్. మారినవాడు ఫారం 8 పెట్టి చిరునామా మార్పించుకోవాలి. అలా కాకుండా కొత్త ఓటరులా ఫారం 6 పెట్టి, వేరేచోట పేరు లేదని సంతకం చేస్తే అది తప్పుడు డిక్లరేషన్, 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. అయినా పరిశీలనప్పుడు రిటర్నింగ్ అధికారి జాబితాని తవ్వడు. జాబితా సర్టిఫైడ్ నకలు ఉంటే ఓటరే అని 1951 చట్టం 36(7) సెక్షన్ చెబుతుంది. ఇచ్ఛాపురం ఓటు ఒక్కటే ఉంచుకుని, శ్రీకాకుళం లోక్‌సభ జాబితా నకలు పట్టుకొచ్చినా ఇక్కడ పోటీకి సరిపోతుంది. ఆయన ఓటు ఇక్కడికి మార్చుకోవాల్సిన పనే లేదు.

బజారువీధి:
అంటే తప్పు చేసినా పర్లేదంటారా?

ఫారం26:
నామినేషన్ తిరస్కరణకి అది కారణం కాదంటున్నాను. కేసు వేరు.

బజారువీధి:
రెండు ఓట్లు రెండు ఓట్లే.

రుషికుల్య:
ఒక చిన్న సందేహం. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు, మల్కనగిరిలో స్థిరపడ్డ తూర్పు బెంగాల్ శరణార్థులు, వాళ్ల పిల్లలు కూడా నిలబడొచ్చా?

ఫారం26:
పౌరసత్వం ఉంటే నిలబడొచ్చు. నమోదు ద్వారా వచ్చినా, పుట్టుకతో వచ్చినా పోటీకి ఒకటే. విదేశీ పౌరుడిగా ఉంటూ ఓసీఐ కార్డు పెట్టుకున్నవాళ్లకి మాత్రం లేదు. అయితే మల్కనగిరి ఉన్నది నవరంగపూర్ ఎస్టీ సీటులో, అక్కడ నిలబడలేరు. జనరల్ సీటు వెతుక్కోవాలి.

పర్లాకిమిడి పాతకాపు:
నిలబడొచ్చా లేదా అన్నది పక్కన పెట్టండి, నిలబడి ఏం సాధిస్తాడో చెప్పండి. 1996లో దేశం మొత్తమ్మీద 10,635 మంది ఇండిపెండెంట్లు దిగితే గెలిచింది 9 మంది. 2019లో నలుగురు, 2024లో ఏడుగురు. ఆ గెలిచినవాళ్లనైనా చూడండి. సాంగ్లీలో విశాల్ పాటిల్ ఇంట్లో తాతల నాటి నుంచీ రాజకీయమే, మండ్యలో సుమలతకి సినిమా నటుడైన భర్త అంబరీష్ పేరుంది. కిరాణా హోల్‌సేలు చేసుకునే ఈయనకి ఏముంది? చెల్లిన ఓట్లలో ఆరోవంతు రాకపోతే డిపాజిట్ పోతుంది.

పైగా పార్టీవాళ్లకి ఓటరు జాబితా ఉచితం, ఈయన కొనుక్కోవాలి. పార్టీ స్టార్ ప్రచారకుల విమానం ఖర్చు అభ్యర్థి లెక్కలో పడదు. ఈయన ఆటోకి కట్టిన మైకు కూడా 95 లక్షల ఖర్చు పరిమితి లెక్కలోకే. నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత, ఓడిపోయినవాడికైనా సరే. మోహన కొండల్లో ప్రతి బూతుకీ ఏజెంటుని పెట్టగలడా? ఏజెంటు ఆ బూతు ఓటరో, పక్క బూతు ఓటరో అయ్యుండాలి, దొరక్కపోతే కనీసం ఆ సెగ్మెంటు ఓటరైనా కావాలి. ఏజెంటు లేకపోతే పోలైన ఓట్ల లెక్క 17సి నకలు చేతికి రాదు. అది లేకుండా కౌంటింగు బల్ల దగ్గర ఏ అంకెతో సరిచూస్తాడు?

మహేంద్రతనయ:
గెలవడానికే నిలబడాలని ఎవరన్నారు? నల్గొండలో 1996లో ఫ్లోరైడ్ నీళ్ల కోసం 480 మంది నిలబడ్డారు, బ్యాలెట్ పేపరు పుస్తకమైపోయి పోలింగే వాయిదా పడింది. నిజామాబాద్‌లో 2019లో పసుపు రైతులు దిగితే మొత్తం 185 మంది అభ్యర్థులయ్యారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పట్టేవి 16 మీటలు, అన్ని యూనిట్లూ కలిపి ఒకటి నోటాది. ఎన్ని యూనిట్లు కలపాల్సొచ్చిందో లెక్కేసుకోండి. దేశమంతా వాళ్లవైపు చూసింది. ఇక్కడ తెలుగు బడిలో మాస్టారు రిటైరైతే ఆ పోస్టు అంతే సంగతులు. పార్టీల గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడితే వచ్చిందేంటి? రెండు కార్పొరేటర్ టిక్కెట్లు! మీలాంటి పెద్దలు వాటితోనే తృప్తిపడ్డారు.

పర్లాకిమిడి పాతకాపు:
నోరు జాగ్రత్త. నువ్వు అంటున్న "తెలుగువాళ్లు" ఎవరు? 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. మా పర్లాకిమిడి ఎస్టేటుని నిలువునా కోసి, ఊరూ కొంత భాగమూ ఇటు, మిగతాది అటు వేశారు. మేం ఎక్కడి నుంచీ రాలేదు. సరిహద్దు గీతే మా మీదుగా వెళ్లింది. వ్యాపారం చేసుకోడానికి పదేళ్ల కిందట వచ్చినాయన "తెలుగువాళ్ల అభ్యర్థి"నని బోర్డు కట్టుకుంటే, రేపు ఒడియా ఇరుగుపొరుగు దృష్టిలో మేమూ వలసవాళ్లమే. తొంభై ఏళ్లుగా "మేం ఇక్కడివాళ్లమే" అని చెప్పుకొస్తున్న మాటని ఆయన ఒక్క పాంప్లెట్టుతో చెరిపేస్తాడు. నా బాధ డిపాజిట్టు గురించా?

చికిటి చిన్నోడు:
ఇదన్నమాట అసలు సంగతి.

మహేంద్రతనయ:
అంటే ఇచ్ఛాపురంవాడు మీకు తెలుగువాడు కాడు, బయటివాడు. "ఆంధ్రావాడికి ఏం పని" అన్నవాళ్లకీ మీకూ తేడా ఏమిటి మాస్టారూ? మా నాన్నగారు సోంపేట నుంచి వచ్చారు. మేం కూడా లెక్కలో లేనట్టేనా?

పర్లాకిమిడి పాతకాపు:
లెక్కలో లేరని నేననలేదు. మా తరఫున మాట్లాడొద్దంటున్నాను. ఎంపీగా నిలబడనీ, వద్దనడానికి నేనెవర్ని? తెలుగు పేరు మీద నిలబడొద్దు.

ఫారం26:
ఆ విషయంలో చట్టం పాతకాపు గారివైపే ఉంది. మతం, కులంతోపాటు భాష పేరు మీద ఓటు అడగడం 1951 చట్టం 123(3) సెక్షన్ కింద అవినీతి చర్య. అభ్యర్థి భాషే కాదు, ఓటరు భాష పేరు చెప్పి అడిగినా అంతేనని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 2017లో తేల్చింది. "తెలుగువాళ్ల ఓటు తెలుగువాడికే" అని అచ్చేస్తే, గెలిచినా 45 రోజుల్లో ఇక్కడి ఏ అభ్యర్థైనా, ఏ ఓటరైనా హైకోర్టుకెళ్లొచ్చు. ఎన్నిక రద్దవడమే కాదు, ఆరేళ్ల దాకా అనర్హత పడే ప్రమాదం ఉంది. "ఫలానా బడిలో మాతృభాషలో చెప్పే టీచరు లేడు, 350ఎ అధికరణం ప్రకారం ప్రాథమిక స్థాయిలో ఆ సదుపాయం ఉండాలి, నేను గెలిస్తే దీన్ని పార్లమెంటులో అడుగుతాను" అనొచ్చు. సమస్య చెప్పడానికి అడ్డు లేదు, భాష చూసి ఓటెయ్యమంటేనే తప్పు. పాంప్లెట్టు మీద అచ్చేసినవాడి, ప్రచురించినవాడి పేర్లు, చిరునామాలు కూడా ఉండాలి, అదే చట్టం 127ఎ సెక్షన్. అవి లేకపోతే అదో కేసు.

రుషికుల్య:
అలాగైతే సవర పిల్లలకీ సొంత భాషలో చెప్పే టీచరు కావాలని అదే పాంప్లెట్టులో రాయొచ్చు కదా? మోహన, పర్లాకిమిడి సెగ్మెంట్లలో వాళ్లు తక్కువేం కాదు.

మహేంద్రతనయ:
రాయొచ్చు. తెలుగు మాట తీసేస్తే ఆయన నిలబడతాడా అన్నది నాకే అనుమానం. అడిగి చెబుతాను.

పర్లాకిమిడి పాతకాపు:
ఆ పదిమంది ప్రతిపాదకుల్లో ఒడియావాళ్లు ఎందరు, సవరలు ఎందరు, అదీ అడుగు. పదిమందీ తెలుగువాళ్లే అయితే నాకు ఇంక పాంప్లెట్టు చూడక్కర్లేదు.

బజారువీధి:
ఆ రెండో ఓటు తీయించుకున్నాడో లేదో కూడా అడగండి.