అప్‌డేట్: పక్షులకు, ప్రకృతి దృశ్యాలకు కొత్త కెమెరా బాడీ, చివరికి ఏం కొన్నానంటే

పాత కెనాన్ 70డీతో ఒడిశాలోని చిలికా సరస్సులో ఎగిరే బాతులు ఫోకస్‌లో దొరకడం లేదు, ఫుల్ ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాకి) వెళ్లాలా అని బరంపురం నుంచి అడిగింది నేనే. జవాబులిచ్చిన అన్నలకు, అక్కలకు ధన్యవాదాలు.

క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్) వదలొద్దన్న మాటే విన్నాను. కెనాన్ ఆర్7 తీసుకున్నాను. నా పాత 400 ఎంఎం ఎఫ్/5.6 లెన్స్ అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తోంది. 1.6 రెట్ల క్రాప్ కాబట్టి ఫుల్ ఫ్రేమ్‌పై 640 ఎంఎంతో చూసినంత దగ్గరగా కనిపిస్తుంది. ఆ లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు, బాడీలో ఉండటం పెద్ద ఊరట. ఇక పక్షి కన్ను పట్టే ఫోకస్! చిలికా ఒడ్డునున్న రంభ దగ్గర గరుడపక్షి నీళ్లమీదకి దిగుతుంటే చివరిదాకా వదల్లేదు. ఆ ఫొటో చూసుకుంటే కళ్లు చెమర్చాయి.

మొదటి వారం మాత్రం రెక్కలు వంకరగా వచ్చి టెన్షన్ పడ్డాను. కారణం నేను పెట్టిన ఎలక్ట్రానిక్ షట్టర్. సెన్సార్ వరుస వరుసగా చదివేలోపు రెక్క కదిలిపోతుంది. మెకానికల్ షట్టర్‌కి మార్చాను, వేగం 1/2500 సెకను. సమస్య పోయింది. సెకనుకు 15 ఫ్రేములు నాకు చాలు.

మధ్యాహ్నం దూరపు బాతులు మసకగా రావడానికి బాడీతో సంబంధమే లేదు, అది నీటిపై వేడిగాలి. పొద్దున్నే పడవెక్కితే సరి. మహేంద్రగిరి కొండ దృశ్యాలకైతే 70డీ కూడా సరిపోయేది, అక్కడ ట్రైపాడే ముఖ్యం.